పాత కారు బ్రేకులు, 4వ పాఠం: పెడల్ ఎందుకు దిగిపోతోంది?

గత పాఠంలో డ్రమ్ములు విప్పి షూల (డ్రమ్ము లోపలి వైపు ఒత్తుకుని చక్రాన్ని ఆపే ముక్కలు) మీది లైనింగ్ మందం చూశాం. అన్నీ బాగానే ఉన్నా పెడల్ సగానికి పైగా దిగితే గానీ బ్రేకు పడట్లేదనుకోండి. వెంటనే పుష్ రాడ్ (పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను నెట్టే కడ్డీ; ఆ సిలిండరే బ్రేకు ద్రవాన్ని చక్రాలకు పంపుతుంది) పొడవు పెంచేస్తుంటారు. ఆ పని చెయ్యకండి, కారణం కింద ఉంది.

ముందు ఆట (వదులు) ఎక్కడుందో తేలాలి. సర్వో (ఇంజిన్ వాక్యూమ్‌తో మన తొక్కుడికి బలం చేర్చే భాగం) ఉంటే ఇంజిన్ ఆపి, పెడల్ నాలుగైదుసార్లు తొక్కి వాక్యూమ్ పోగొట్టండి. పక్కన స్కేలు నిలబెట్టి పెడల్‌ను వేలితో నొక్కండి. బరువు తగిలేదాకా పోయినంత దూరమే ఫ్రీ ప్లే. పెడల్ నిష్పత్తి (పాదం దగ్గర కదిలే దూరానికీ రాడ్ కదిలే దూరానికీ) 5:1 అయితే పుష్ రాడ్‌కీ పిస్టన్‌కీ మధ్య 1 మి.మీ. సందు పాదం దగ్గర 5 మి.మీ. అవుతుంది. మీ కారు మాన్యువల్‌లో ఉన్న కొలత కంటే బాగా ఎక్కువుంటే పెడల్‌నీ రాడ్‌నీ కలిపే పిన్ను తీసి గోటితో గీయండి. గాడి తగిలితే పిన్ను మార్చాల్సిందే. దాని రంధ్రం కోలగా సాగిందేమో కూడా చూడండి.

ఆ సందు సున్నా కాకూడదు. పెడల్ వదిలినప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తేనే మాస్టర్ సిలిండర్‌లోని సన్నని రంధ్రం తెరుచుకుంటుంది. రాడ్ పొడవైతే అది మూసుకునే ఉంటుంది. వేడికి ఉబ్బిన ద్రవం ట్యాంకులోకి పోలేక షూలను డ్రమ్ముకి నొక్కిపెడుతుంది. బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి.

ఫ్రీ ప్లే సరిగ్గా ఉండీ పెడల్ దిగుతుంటే, చాలా కార్లలో తప్పు షూల దగ్గరే. కదలకుండా చక్రాలకు అడ్డం పెట్టి, కారు ఎత్తి స్టాండ్ల మీద నిలపండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు పూర్తిగా వదలండి. దాని కేబుల్ బిగుతుగా ఉంటే వెనక షూల కొలత తప్పుతుంది. అడ్జస్టర్‌ను (షూలను డ్రమ్ముకి దగ్గర చేసే మర) చక్రం తిరగనంతవరకు బిగించి, పెడల్ ఒకసారి గట్టిగా తొక్కండి. షూలు మధ్యకు సర్దుకుని చక్రం మళ్లీ వదులైతే ఇంకొంచెం బిగించండి. తర్వాత చక్రం స్వేచ్ఛగా తిరిగేదాకా కొద్దికొద్దిగా వదలండి. ముందు చక్రానికి షూలను నెట్టే సిలిండర్లు రెండుంటే సాధారణంగా అడ్జస్టర్లూ రెండు. రెండోదాన్ని మరిచిపోయి పెడల్‌ని తిట్టుకునేవాళ్లు చాలామంది. అడ్జస్టర్ నలుచదరపు తలకి మామూలు స్పానర్ పెడితే అంచులు అరిగిపోతాయి, దానికి సరిపోయేదే వాడండి.

ఇప్పుడు వరసగా రెండుసార్లు తొక్కండి. రెండోసారికి పైకొస్తే షూలు ఇంకా దూరంగా ఉన్నట్టు, లేదా బ్రేకు ద్రవంలో గాలి ఉన్నట్టు. స్పాంజిలా మెత్తగా ఉంటే ముందు గాలినే అనుమానించండి. కొత్త లైనింగ్ డ్రమ్ము వంపుకి కుదరకపోయినా కొన్నాళ్లు అలాగే ఉంటుంది. నొక్కిపట్టినప్పుడు మెల్లగా దిగిపోతుంటే లీకో, మాస్టర్ సిలిండర్ సీలో పోయింది. బండి కదపకండి.

నిదానంగా ఒక కిలోమీటరు నడిపి డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. ఒకటే కాలుతుంటే ఆ అడ్జస్టర్ కాస్త వదలాలి. నాలుగూ కాలుతుంటే పుష్ రాడ్ సందు మళ్లీ చూడాలి.