సబ్‌క్లాస్‌లో ప్రాపర్టీని మార్చగానే సెట్టర్ మాయమైన సంగతి: నా అనుభవం

ఉష్ణోగ్రతను భద్రపరిచే ఒక పైథాన్ క్లాస్‌లో, విలువను చదవడానికి గెట్టర్‌నూ, హద్దులు సరిచూసి రాయడానికి సెట్టర్‌నూ ఒకే ప్రాపర్టీగా (బయటికి మామూలు విలువలా కనిపిస్తూ, లోపల ఫంక్షన్లను నడిపేది) అమర్చుకున్నాను. ఈ పేరెంట్ క్లాస్ నుంచి పుట్టిన సబ్‌క్లాస్‌లో, చదివేటప్పుడు మాత్రం విలువ దశాంశం తర్వాత 1 అంకెతోనే రావాలనుకుని, అదే పేరుతో ప్రాపర్టీ డెకొరేటర్ (ఫంక్షన్ పైన @తో రాసే గుర్తు) పెట్టి గెట్టర్‌ను మళ్ళీ రాశాను. చదవడం సవ్యంగానే సాగింది. కొత్త విలువ ఇవ్వబోతే, ఆ ప్రాపర్టీకి సెట్టర్ లేదంటూ అట్రిబ్యూట్‌ఎర్రర్ అనే లోపం వచ్చింది.

పేరెంట్ క్లాస్‌లోని సెట్టర్ దానంతటదే సంక్రమిస్తుందని నమ్మడమే నా పొరపాటు. గెట్టర్, సెట్టర్, విలువను తొలగించే డిలీటర్ మూడూ ఒకే ప్రాపర్టీ ఆబ్జెక్ట్‌లో ఇమిడి ఉంటాయి. సబ్‌క్లాస్‌లో అదే పేరుతో మరో ప్రాపర్టీని సృష్టిస్తే, పైథాన్ పేరును వెతికే క్రమంలో అదే ముందుగా దొరుకుతుంది కాబట్టి, సెట్టర్ లేని ఆ కొత్త ఆబ్జెక్ట్ పాతదాన్ని పూర్తిగా కప్పేస్తుంది. ఈ ఒక్క విషయం బోధపడేసరికి నాకు చాలా సమయం పట్టింది.

దీన్ని సరిదిద్దడానికి, సబ్‌క్లాస్‌లోని గెట్టర్‌కు డెకొరేటర్‌గా వట్టి ప్రాపర్టీ అని కాక, పేరెంట్ క్లాస్ పేరు, చుక్క, ప్రాపర్టీ పేరు, చుక్క, గెట్టర్ అని రాశాను. ఇది పాత ప్రాపర్టీని తాకదు. దాని సెట్టర్‌ను అలాగే ఉంచి, గెట్టర్ మాత్రమే మారిన నకలును ఇస్తుంది.

తర్వాత సెట్టర్‌ను కూడా మార్చవలసి వచ్చింది. పేరెంట్ క్లాస్‌ను అందుకునే సూపర్ ద్వారా ప్రాపర్టీని చదవవచ్చు గానీ, దానికి విలువను కేటాయించడం కుదరదు. అందుకే పేరెంట్ క్లాస్ ప్రాపర్టీలోని ఎఫ్‌సెట్‌ను (అసలు సెట్టర్ ఫంక్షన్‌ను) నేరుగా పిలిచి, సెల్ఫ్‌నూ (ప్రస్తుత ఆబ్జెక్ట్‌నూ) విలువనూ అందించాను. హద్దుల పరిశీలన యథాతథంగా నిలిచింది.