వీడియో కాల్‌లో డాక్టర్‌కి కనిపించనివి మనమే చెప్పాలి

డిప్రెషన్‌కి, ఆందోళనకి ఇచ్చే ఎస్కిటాలోప్రామ్ మందు మొదలుపెట్టాక మూడు నెలలు డాక్టర్‌తో వీడియోలోనే మాట్లాడాను. స్క్రీన్‌లో కనిపించేది ముఖమే కదా, టేబుల్ కింద వణికే చేతులు, ఊగే కాలు ఆయనకెలా తెలుస్తాయి? "బాగానే ఉన్నాను" అని కాల్ పెట్టేసేదాన్ని.

ఇప్పుడు కాల్‌కి ముందే బరువు, బీపీ చూసి రాసుకుంటాను. ఇలాంటిదే ఇంకో మందు వెన్లాఫాక్సిన్ బీపీ పెంచొచ్చు, అది వాడేవాళ్లు ఇది అస్సలు వదలొద్దు. నిద్ర, మరిచిపోయిన డోసులు, ఇతర మాత్రలూ రాయండి. చేతులు చాచి కెమెరాకి చూపించండి. తలుపు వేసుకోండి, ఇంట్లోవాళ్లు వింటుంటే లైంగిక ఇబ్బందులు ఎవరు చెప్తారు? (నేనైతే చాట్‌లో టైప్ చేశాను.)

అపాయింట్‌మెంట్ దొరకలేదని మందు ఒక్కసారిగా ఆపకండి. తల తిరగొచ్చు, చిరాకు రావొచ్చు. వారానికి సరిపడా మాత్రలుండగానే బుక్ చేసుకోండి. మొదటి వారాల్లో గానీ, డోసు మార్చాక గానీ చనిపోవాలనిపిస్తే కాల్ కోసం ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.