బ్యాటరీ ఫుల్ చూపిస్తుంది, 15 నిమిషాలకే హబ్ చీకటి: కొత్తది కొనే ముందు తీగ చివరి లగ్గులు చూడండి

తమిళనాడులో గుమ్మిడిపూండి చుట్టుపక్కల మా తెలుగోళ్ళ ఊళ్ళల్లో ఇప్పుడు తుఫాను రోజుల కోసం రామాలయం మండపంలోనో స్కూల్ గదిలోనో ఒక ఇన్వర్టర్, 150 ఏహెచ్ సామర్థ్యమున్న ట్యూబులర్ బ్యాటరీ, నాలుగు లైట్లు, ఫ్యాన్లు, ఫోన్ల చార్జింగ్ బోర్డు, ఆయాసం ఉన్నవాళ్ళకి మందు ఆవిరిలా పట్టే ఒక నెబ్యులైజర్ పెట్టుకుంటున్నారు. దీన్నే హబ్ అంటున్నా. 2016లో వర్దా, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాన్లు చూసినవాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు. బిగించడం గురించి రాయట్లేదు, తీరా కరెంటు పోయాక అది పనిచెయ్యకపోతే ఏం చూడాలో రాస్తున్నా.

అసలు ఆన్ అవ్వట్లేదా? ముందు స్విచ్, వెనక ఫ్యూజ్ చూడండి. నాకు రాత్రిపూట వచ్చే ఫోన్లలో చాలా వరకు ఇదే, ఊడ్చేటప్పుడు ఎవరో స్విచ్ ఆఫ్ చేసుంటారు.

బ్యాకప్ నెలనెలా తగ్గుతోందా? నీళ్ళు. ఆరు సెల్స్‌లోనూ నీళ్ళ మట్టం చూపించే ఫ్లోట్ చూడండి, ఒకటి చూసి వదిలెయ్యకండి. తగ్గితే డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి, దయచేసి ఆర్వో నీళ్ళు వద్దు.

ఇక అసలు సంగతి. ప్యానెల్ మీద ఫుల్, మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు, నీళ్ళు సరిగ్గా ఉన్నాయి, రెండు లైట్లు వేస్తే గంటలు గంటలు వెలుగుతాయి, కానీ ఫ్యాన్లు, చార్జర్లు, నెబ్యులైజర్ అన్నీ కలిసి 500 వాట్లు దాటగానే పావుగంటలో లో బ్యాటరీ అని కూత పెట్టి ఆగిపోతుంది. అందరూ బ్యాటరీ పోయిందనే అంటారు. మేమూ అదే అనుకుని, మిచౌంగ్‌కి ముందు ఊరంతా చందాలేసుకుని కొత్త బ్యాటరీ కొన్నాం. వాన రాత్రి మళ్ళీ అదే 15 నిమిషాలు. ఆయాసంతో ఉన్న పెద్దమ్మకి నెబ్యులైజర్ మధ్యలో ఆగింది, ఫ్యాన్లన్నీ ఆపేసి అదొక్కటే నడిపించాం. అప్పుడు బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కి వెళ్ళే తీగ మీద చెయ్యి పడితే కాలింది. టేపు విప్పితే లగ్ లోపల, అంటే బ్యాటరీకి నట్టుతో బిగించడానికి తీగ చివర తొడిగే లోహపు ముక్క లోపల, రాగి అంతా పచ్చగా చిలుము. పైకి మాత్రం నట్టు తళతళలాడుతోంది. పులికాట్ వైపు ఉప్పు గాలికి ఆసిడ్ ఆవిరి తోడైతే ఇలాగే తినేస్తుంది.

లెక్క చూడండి. 12 వోల్టుల బ్యాటరీ మీద 600 వాట్ల లోడ్ అంటే తీగలో 50, 60 ఆంపులు పారతాయి. లగ్ జాయింట్‌లో 0.02 ఓమ్ రెసిస్టెన్స్ ఉన్నా వోల్టు పైనే అక్కడే పోతుంది. బ్యాటరీ దగ్గర 11.6 ఉన్నా ఇన్వర్టర్‌కి చేరేది 10.5, అది ఖాళీ అనుకుని కట్ చేస్తుంది. లోడ్ పోగానే వోల్టేజ్ మళ్ళీ లేస్తుంది కాబట్టి తర్వాత మీటర్ పెడితే అంతా బానే కనిపిస్తుంది, మోసపోయేది ఇక్కడే.

అందుకే లోడ్ నడుస్తుండగానే కొలవండి. మీటర్ ముల్లు నట్టు మీద కాదు, బ్యాటరీ మీద పొడుచుకొచ్చిన సీసం పోస్ట్ మీదే పెట్టాలి. తర్వాత ఇన్వర్టర్ వైపు చివర కొలవండి. తేడా అర వోల్టు దాటితే జాయింటే దొంగ. పోస్ట్ దగ్గరే వోల్టేజ్ జారిపోతుంటే మాత్రం నిజంగా బ్యాటరీయే.

రిపేరుకి మెయిన్స్, లోడ్ ఆపి, చేతి ఉంగరం, గడియారం తీసి, ముందు నెగటివ్ విప్పండి. మెరిసే రాగి వచ్చేదాకా తీగ కోసి కొత్త లగ్ వెయ్యండి, సుత్తితో కొట్టి నొక్కడం కాదు, లగ్‌ని తీగకి గట్టిగా నొక్కే క్రింపింగ్ టూల్‌తోనే. తీగ లోపలంతా నల్లబడిపోయుంటే మొత్తం మార్చెయ్యండి. పోస్ట్ గీకి శుభ్రం చేసి లగ్ నేరుగా సీసానికే తగిలేలా బిగించండి, మధ్యలో వాషర్ వద్దు. వ్యాజిలిన్ బిగించాకే, పైన.

ఇన్వర్టర్ లోపలి బోర్డు పోవడం, సెన్సర్ తప్పు చూపడం అరుదు, వాటి జోలికి చివర్లో వెళ్ళండి. జనరేటర్ ఉంటే మాత్రం రెండు వైపులా ప్లగ్ ఉన్న వైరుతో గోడ సాకెట్‌లోకి ఇవ్వొద్దు, స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్ చచ్చిపోతాడు. లైన్ కరెంటో, జనరేటరో ఒక్కటే ఇంట్లోకి వచ్చేలా మార్చే చేంజోవర్ స్విచ్ పెట్టించండి, జనరేటర్ మండపం బయటే ఉండాలి, ఆ పొగ లోపల పడుకున్నవాళ్ళని లేవనివ్వదు.

రెండు నెలలకోసారి మెయిన్స్ ఆపి, పూర్తి లోడ్‌తో ఒక గంట నడిపి, ప్రతి లగ్ దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ఏది వేడెక్కితే దాని టేపు విప్పండి.