పాత ఎక్సెల్ ఫైళ్లు కొత్త కంప్యూటర్‌లో తెరిచే ముందు

బేగంబజార్ కొట్టు లెక్కలైనా, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ పద్దులైనా సరే, ముందు ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. తెరిచి చూసేది కాపీనే, అసలుది కాదు.

పాత సిస్టమ్‌ను అప్పుడే సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేయకండి, ఫాంట్లు అందులోనే ఉంటాయి. అను ఫాంట్లతో కొట్టిన తెలుగు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పిచ్చి గుర్తుల్లా కనిపిస్తుంది. డేటా ఎక్కడికీ పోలేదు. కంగారుపడి మళ్లీ టైప్ చేయడం దండగ. ఫాంట్ ఎక్కిస్తే చాలు.

వేరే ఫైళ్ల నుంచి అంకెలు తెచ్చుకునే లింకులు షీటులో ఉంటే, అప్‌డేట్ చేయాలా అని ఎక్సెల్ అడుగుతుంది, వద్దనండి. పాత డి డ్రైవ్ దారి ఇక్కడ దొరకదు. ఆ ఫైళ్లను కూడా తెచ్చుకున్నాక, డేటా మెనూలోని ఎడిట్ లింక్స్‌లో (కొత్త వెర్షన్లలో వర్క్‌బుక్ లింక్స్) కొత్త దారి చూపించండి.

సేవ్ చేసేటప్పుడే అసలు నష్టం. మాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాములు) ఉన్న ఫైల్‌ను ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా సేవ్ చేస్తే మాక్రోలు పోతాయి, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ ఎంచుకోండి. పాత ఎక్స్‌ఎల్‌ఎస్‌లో 65,536 వరుసలే పడతాయి, కొత్తదాంట్లో 10,48,576. పెరిగిన షీటును తిరిగి పాత రకంలో సేవ్ చేస్తే అదనపు వరుసలు తెగిపోతాయి.

ఎక్సెల్‌కు ముందు లెక్కలకు వాడిన లోటస్ కాలం నాటి ఫైళ్లుంటే ఎక్సెల్‌తో కుస్తీ పట్టొద్దు, ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్‌లో తెరవండి.