నుదుటి గీతలకు బొటాక్స్ వేయించుకుంటారా, ముందు యూనిట్ల లెక్క అడగండి

అద్దం ముందు నిలబడి ఎవరిమీదైనా కోపం తెచ్చుకోండి. ఆడపడుచు, మేనేజరు, రాంగ్ రూట్‌లో మీదకొచ్చే బైకువాడు, ఎవరైనా పర్లేదు. కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు పడతాయి కదా. ఇప్పుడు ముఖం వదులు చేసి చూడండి. గీతలు మాయమైతే అవి కండరం ముడుచుకున్నప్పుడే వచ్చే గీతలు, బొటాక్స్ వాటి మీద బాగా పనిచేస్తుంది. ముఖం మామూలుగా పెట్టినా అక్కడే ఉంటే, ఏళ్ల తరబడి ఒకే చోట మడతపెట్టిన పట్టుచీరలాగా చర్మం మీద ముద్ర పడిపోయిందన్నమాట. అప్పుడు సూదితో ఆ గీత మెత్తబడుతుంది, పూర్తిగా పోతుందని మాత్రం ఆశపడొద్దు.

నాకు 47 ఏళ్లు, స్కూల్లో లెక్కల టీచర్ని. మూడేళ్లుగా వేయించుకుంటున్నాను, మొదటిసారి చేతులు కాల్చుకున్నాను. నలుగురూ అడిగితే నలుగురికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసేస్తే నయం అనిపించింది.

ముందు ఇదేమిటో తెలుసుకోండి. బొటాక్స్ అనేది ఒక బ్రాండ్ పేరు, ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టు మనం అన్నిటినీ అదే పేరుతో పిలుస్తున్నాం. మందు పేరు బొటులినమ్ టాక్సిన్ ఏ. క్లాస్ట్రిడియం బొటులినమ్ అనే బ్యాక్టీరియా తయారుచేసే విషం ఇది, అవును విషమే, సరిగా నిల్వ చేయని డబ్బా ఆహారం తిని మనుషులు పక్షవాతం పాలయ్యేది దీనివల్లే. నరం చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలైతేనే కండరం ముడుచుకుంటుంది. ఈ మందు ఆ విడుదలను ఆపేస్తుంది, అంటే కండరానికి కబురు అందదు. 3, 4 నెలలకు నరం కోలుకుని మళ్లీ కబురు పంపడం మొదలుపెడుతుంది, గీతలూ తిరిగొస్తాయి. కాబట్టి ఇది కండరానికి వేసే మందు. దీనితో మంగు తగ్గదు, రంగు రాదు, ముఖం మెరవదు. అన్నట్టు, సెలూన్లలో హెయిర్ బొటాక్స్ అని జుట్టుకు పట్టిస్తారే, దానిలో ఈ మందు చుక్క కూడా ఉండదు, అది కండిషనర్ లాంటిది.

అసలు ఇది ముడతల కోసం పుట్టిన మందు కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో కంటి డాక్టరు అలన్ స్కాట్ మెల్లకన్ను సరిచేయడానికి వాడాడు, అమెరికాలో 1989లో అనుమతి కూడా కంటి జబ్బులకే వచ్చింది. కెనడాలో జీన్ కారుథర్స్ కంటి డాక్టరు, ఆవిడ భర్త అలస్టెయిర్ చర్మ డాక్టరు. కనురెప్పలు అదిరే రోగులకు ఈ సూది వేస్తుంటే కనుబొమల మధ్య గీతలు కూడా పోతున్నాయని గమనించి 1992లో ప్రచురించారు. ముడతలకు అమెరికా అనుమతి 2002లో వచ్చింది. మా పెదనాన్నకు పక్షవాతం వచ్చాక బిగుసుకుపోయిన చేతికి ఇదే మందు వందల యూనిట్లలో వేశారు. ముఖానికి పట్టేది దానిలో పిసరంత. ఆ సంగతి తెలిశాక నా భయం సగం పోయింది.

ఇక యూనిట్లు, అంటే మందు ఎంత వేశారో చెప్పే కొలత. ఈ మందు చిన్న సీసాలో పొడిగా వస్తుంది, 50 యూనిట్లో 100 యూనిట్లో. దానిలో సెలైన్ కలిపి సూదిలోకి తీసుకుంటారు. ఎంత సెలైన్ కలపాలన్నది డాక్టరు ఇష్టం, కాబట్టి ‘ఒక ఎంఎల్ వేశాం’ అంటే ఏమీ చెప్పనట్టే, పాలవాడు లీటరు పోశానంటే దానిలో నీళ్లెన్నో మనకేం తెలుస్తుంది? అడగాల్సింది ఎన్ని యూనిట్లు అని. బొటాక్స్ లేబుల్ ప్రకారం కనుబొమల మధ్య 5 చోట్ల కలిపి 20 యూనిట్లు, కళ్ల చివర గీతలకు పక్కకు 12 చొప్పున 24, నుదుటి అడ్డగీతలకు 20. డాక్టర్లు మనిషిని బట్టి తగ్గిస్తారు, పెంచుతారు. మగవాళ్లకు ఆ కండరాలు మందంగా ఉంటాయి కాబట్టి ఎక్కువ పట్టొచ్చు. ఇంకో మెలిక ఏమిటంటే బ్రాండు మారితే యూనిటూ మారుతుంది. డిస్‌పోర్ట్ అనే ఇంకో బ్రాండులో కనుబొమల మధ్యకు లేబుల్ మోతాదే 50 యూనిట్లు. ఒక చోట 50 వేశారు, ఇంకో చోట 20 వేశారు అని పోల్చుకుని మోసపోయామనుకోవద్దు, బ్రాండు పేరుతో కలిపి అడగండి.

నా మొదటి అనుభవం ఇక్కడే చెప్పాలి. దసరా ఆఫర్ చూసి ఒక క్లినిక్‌కి వెళ్లాను. ‘నుదురు మాత్రమే, ఇంత’ అన్నారు. చవకగా వస్తుందని సరే అన్నాను. వారం తిరిగేసరికి గీతలు పోయిన మాట నిజమే కానీ కనుబొమలు కిందకి దిగిపోయాయి. కాటుక పెట్టుకుంటే పై రెప్పకంతా అంటుకునేది, స్టాఫ్ రూమ్‌లో అందరూ రాత్రి నిద్రపోలేదా మేడమ్ అనేవాళ్లు. ఎందుకలా అయిందో తర్వాత ఇంకో డాక్టరు చెబితే తెలిసింది. కనుబొమలను పైకి లాగే కండరం నుదుటి మీద ఉన్న ఆ ఒక్కటే. కిందకి లాగేవి కనుబొమల మధ్య, కంటి చుట్టూ ఉన్నాయి. పైకి లాగేదాన్ని నిద్రపుచ్చి కిందకి లాగేవాటిని వదిలేస్తే ఇంకేమవుతుంది? నుదుటికి వేసేటప్పుడు కనుబొమల మధ్య కూడా కలిపి వేయాలని లేబుల్‌లోనే ఉంటుంది. మొదటి క్లినిక్‌కి వెళ్లి ఎన్ని యూనిట్లు వేశారని అడిగితే ఫైల్లో ‘నుదురు’ అని మాత్రమే రాసి ఉంది. దానికి విరుగుడు సూది లేదు, రెండు నెలలు ఓపిక పట్టాను.

అందుకని డాక్టరును ఎంచుకోవడంలో బేరం చూడకండి. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36 నుంచి కూకట్‌పల్లి దాకా, ఇటు దిల్‌సుఖ్‌నగర్ దాకా స్కిన్ క్లినిక్ బోర్డులకు కొదవ లేదు. బోర్డు మీద కాస్మెటాలజిస్ట్ అని ఉంటే ఆ మాటకదే వైద్య డిగ్రీ కాదు. చర్మ డాక్టరుకైతే ఎండీ డీవీఎల్ లేదా డీడీవీఎల్, ప్లాస్టిక్ సర్జన్‌కైతే ఎంసీహెచ్ లాంటిది ఉంటుంది. రిజిస్ట్రేషన్ నంబరు అడిగి మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో చూసుకోండి, ఐదు నిమిషాల పని. కన్సల్టేషన్ డాక్టరు చేసి సూది ఇంకెవరో వేస్తారేమో కూడా ముందే కనుక్కోండి. బ్యూటీ పార్లర్‌లోనో, ఫ్లాట్‌లో కిట్టీ పార్టీకి వచ్చి వేస్తామన్నవాళ్ల దగ్గరో మాత్రం వద్దు. 2024లో అమెరికాలో నకిలీ సూదులు, అర్హత లేనివాళ్లు వేసిన సూదుల వల్ల 22 మందికి తేడా చేసిందని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థే హెచ్చరించింది, వాళ్లలో సగం మంది ఆసుపత్రిలో చేరారు.

క్లినిక్‌లో సిగ్గుపడకుండా అడగండి: సీసా చూపిస్తారా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఏవి, ఎప్పుడు కలిపారు, ఫ్రిజ్‌లో పెట్టారా. బొటాక్స్ అయితే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, కలిపాక 24 గంటల్లో వాడాలని లేబుల్ చెబుతుంది. ఏ చోట ఎన్ని యూనిట్లో ఫైల్లో రాయించి ఫోన్‌తో ఫొటో తీసుకోండి. బంగారం కొంటే తూకం చూడమా? ఇదీ అంతే. విసుక్కునే డాక్టరైతే లేచి వచ్చేయండి.

డబ్బు లెక్క కూడా యూనిట్లతోనే వేయండి. యూనిట్ 400 అన్నారనుకోండి (ఉదాహరణకే, రేటు చోటును బట్టి మారుతుంది), 20 యూనిట్లకు 8,000. అందానికి చేయించుకునేది కాబట్టి 18 శాతం జీఎస్టీ పడితే ఇంకో 1,440, మొత్తం 9,440. ఏడాదికి మూడుసార్లంటే 28,320. ఇన్సూరెన్స్ రాదు. ఈ అంకె చూసి గుండె గుభేలుమంటే మానేయండి, మానేస్తే ముడతలు రెట్టింపై వస్తాయన్నది వట్టి మాట, మునుపటిలా ఉంటాయంతే.

ఎవరు వేయించుకోకూడదు అంటే, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మయస్థీనియా గ్రావిస్ లాంటి నరాల కండరాల జబ్బులున్నవాళ్లు, సూది పడే చోట పుండో ఇన్ఫెక్షనో ఉన్నవాళ్లు. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు నడుస్తుంటే చెప్పాలి. ఆవుపాల ప్రొటీన్ అలర్జీ ఉన్నవాళ్లకు డిస్‌పోర్ట్ పనికిరాదు. ముక్కు పక్క నుంచి మూతి దాకా దిగే గీతలకు సాధారణంగా ఈ సూది వేయరు, వాటికి ఫిల్లర్, అంటే చర్మం కింద నింపే జెల్ లాంటిది, వేస్తామంటారు. అది వేరే వస్తువు, వేరే ప్రమాదం. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చుబడొచ్చు, అరుదుగా చూపు కూడా పోవచ్చు. హైలురోనిక్ యాసిడ్ ఫిల్లర్‌ను కరిగించే హైలురోనిడేజ్ అనే ఇంజెక్షన్ ఉంది, అది క్లినిక్‌లో సిద్ధంగా లేకపోతే ఫిల్లర్ జోలికి పోవద్దు. ఒకే రోజు రెండూ చేసేద్దాం అని ప్యాకేజీ అంటగడితే మొదటిసారికి వద్దనండి.

ఇంట్లో పెళ్లి ఉంటే ముహూర్తానికి కనీసం నెల ముందు వేయించుకోండి. పూర్తి ఫలితానికి రెండు వారాలు పడుతుంది, సర్దుబాటు కావాలంటే ఇంకో రెండు. వారం ముందు నుంచి ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, చేపనూనె క్యాప్సూల్స్, విటమిన్ ఈ ఆపమంటారు, నల్లగా కమిలిపోకుండా. గుండె డాక్టరు రాసిన ఆస్పిరిన్ మాత్రం సొంతంగా ఆపకండి, ఆ డాక్టరునే అడగండి. కమిలితే వారంలో పోతుంది, గుండెకు అలా కాదు. బయలుదేరే ముందు కిటికీ వెలుతురులో నాలుగు ఫొటోలు తీసుకోండి: మామూలుగా, కోపంగా, కనుబొమలు పైకెత్తి, నవ్వుతూ. తర్వాత తేడా చూసుకోవడానికి మన జ్ఞాపకాన్ని నమ్ముకోలేం.

సూది విషయం పెద్దగా చెప్పేదేం లేదు, సన్నటి సూది, చీమ కుట్టినట్టు, పది నిమిషాలు. దోమ కుట్టినట్టు చిన్న బొబ్బలు లేస్తాయి, కాసేపట్లో అణిగిపోతాయి.

జాగ్రత్త ఆ తర్వాత. 4 గంటలు పడుకోవద్దు, వంగొద్దు, ఆ చోట రుద్దొద్దు. జిమ్ మర్నాటికి. మన ఊళ్లో అసలు సమస్య హెల్మెట్. బిగుతు హెల్మెట్ సరిగ్గా సూది పడిన చోటే నొక్కుతుంది, అలాగని అది లేకుండా బండి నడపమనడం లేదు, ఆ రోజు బండి ఇంట్లో పెట్టి మెట్రోలోనో ఆటోలోనో వెళ్లండి. కుంకుమ అద్దుకునేటప్పుడు వేలితో నొక్కడం, గుళ్లో సాష్టాంగపడటం, శీర్షాసనం, తలకు నూనె మాలిష్, అన్నీ ఆ రోజుకు ఆపండి. ఫేషియల్‌కూ ఐబ్రో థ్రెడింగ్‌కూ వారం ఆగండి. వీటిలో చాలావాటికి గట్టి రుజువులేమీ లేవు, కానీ పాటిస్తే పోయేదేముంది, ఒక పూట.

మొదటి రెండు రోజులు ఏమీ తెలియదు, డబ్బులు దండగ అయ్యాయని టెన్షన్ పడకండి. మూడో రోజు నుంచి మొదలై 14వ రోజుకు పూర్తవుతుంది. అప్పటిదాకా ‘ఇంకొంచెం వేయండి’ అని అడగొద్దు. 14వ రోజు మళ్లీ అవే నాలుగు ఫొటోలు తీసి డాక్టరుకు చూపించండి. ఒక కనుబొమ పైకి లేచినట్టుంటే ఒకటి రెండు యూనిట్లతో సరిచేస్తారు. రెప్ప వాలిపోతే భయపడకుండా ఫోన్ చేయండి, కొన్ని వారాల్లో పోయేదే, ఈలోపు రెప్పను కాస్త లేపే చుక్కల మందు రాస్తారు. కానీ మింగడం కష్టమైనా, మాట తడబడినా, ఊపిరి అందకపోయినా, ఒకటి రెండుగా కనిపించినా, ఒళ్లంతా నీరసించినా క్లినిక్ అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇవి చాలా అరుదు, గంటల్లో రావొచ్చు, వారాల తర్వాతా రావొచ్చు.

మళ్లీ వేయించుకోవడానికి కనీసం 3 నెలలు ఆగాలి. మాటిమాటికీ వేయిస్తే ఒంట్లో యాంటీబాడీలు తయారై మందు పనిచేయకుండా పోయే అవకాశం ఉంది. మధ్యలో ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, బయటికెళ్తే నల్ల కళ్లద్దాలు. మే నెల ఎండలో కళ్లు చికిలించుకుంటూ బండి నడిపి, కంటి చివర గీతలకు 24 యూనిట్లు కొనుక్కునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చివరగా ఒకటి, కుర్చీలో కూర్చున్నాక ఎంత కదలిక మిగలాలో మీరే చెప్పాలి, లేకపోతే డాక్టరు గీత కనిపించకుండా చేయడమే తన పని అనుకుంటారు. రెండోసారి నాకు కనుబొమల మధ్య పూర్తి 20 వేశారు. గీతలు పోయాయి, కళ్లూ బాగానే ఉన్నాయి, కానీ తొమ్మిదో తరగతిలో చివరి బెంచీ వాళ్లను ఎంత ఉరిమి చూసినా ఒక్కడూ నోరు మూయలేదు. ఇప్పుడు నా ఫైల్లో 14 యూనిట్లని ఉంటుంది. కొంచెం గీత పడుతుంది, క్లాసు నడుస్తోంది.