కట్టెల బాయిలర్ కట్టెలు తెగ మింగుతుంటే

తిరుపతిలో లాడ్జి అంటే తెల్లవారుజామున మూడింటికే వేడినీళ్లు ఉండాలి. అలిపిరి మెట్లెక్కేవాళ్లు అప్పుడే స్నానాలకు లేస్తారు. కార్తీకంలో ముసురు పట్టిందా, మిద్దె మీది సోలార్ చేతులెత్తేస్తుంది. ఇక పెరట్లోని కట్టెల బాయిలరే గతి. మా లాడ్జిలో దాన్ని చూసుకునేది నేనే. "అన్నా, కట్టెలు ఎన్ని తెచ్చినా చాలడంలేదు, కొత్తది కొనాలేమో" అని ఎవరైనా వస్తే ముందు ఒకటే అడుగుతా: వేడి మంట ఉన్నప్పుడు పోతోందా, ఆరాక పోతోందా?

తేల్చడం సులువే. రాత్రి నీళ్లు 60 డిగ్రీలకు కాగి నిప్పు చల్లారాక బాయిలర్ నుంచి గదులకు పోయే వాల్వు కట్టేయండి. పొద్దున మళ్లీ వేడి చూడండి. పెద్దగా తగ్గలేదంటే వేడి పైపుల్లోనో, ఏదో గదిలో కారే కొళాయిలోనో పోతోంది. వేడి పోకుండా పైపుకు చుట్టిన గ్లాస్ ఊల్ వానకు తడిస్తే ఉన్నా లేనట్టే. వాల్వు కట్టినా నీళ్లు చల్లబడ్డాయంటే ట్యాంకు చుట్టూ ఉన్న ఊల్, పొగగొట్టం డంపర్ (గొట్టాన్ని మూసే, తెరిచే రేకు) చూడండి. డంపర్ తెరిచే ఉంటే రాత్రంతా చల్లగాలి లోపలికి దూరి ట్యాంకు వేడిని గొట్టంలోంచి ఈడ్చుకుపోతుంది. కానీ నిప్పుకణం మిగిలుండగా డంపర్ మూయొద్దు, విషవాయువు బయటికొస్తుంది.

ఇక మంట సంగతి. 500 లీటర్లను 25 నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే 17,500 కిలో క్యాలరీలు కావాలి. ఎండుకట్టె కిలోకు దాదాపు 3,500 ఇస్తుంది. అంటే చుక్క వేడి వృథా కాకపోతే 5 కిలోలు. సగం వృథా అయినా 10. మీది 20 తింటోందా? ముందు కట్టెనే అనుమానించండి.

అడితిలో కట్టె తూకానికి అమ్ముతారు. అప్పుడే కొట్టిన మామిడి కట్టెలో దగ్గర దగ్గర సగం బరువు నీళ్లే. డబ్బులిచ్చి నీళ్లు కొని, మళ్లీ వాటిని ఆవిరి చేయడానికి కట్టె తగలేస్తున్నామన్నమాట. రెండు మొద్దులు ఒకదానికొకటి కొట్టండి. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్‌మంటాయి. పొయ్యిలో పెట్టినప్పుడు చివర నురగ కక్కుతూ బుస్సుమంటే పచ్చిదే. అనుమానం తీరకపోతే ఒక చీలిక తూచి, వారం ఎండబెట్టి మళ్లీ తూచండి, బరువు బాగా తగ్గితే పచ్చిదే. చీల్చి, కింద రాళ్లు పెట్టి, పైన రేకు కప్పి, పక్కలు గాలికి వదలండి. చుట్టూ టార్పాలిన్ బిగిస్తే లోపల ఆవిరి పట్టి ఇంకా చెడుతుంది. వానల ముందు కొనడం కాదు, ఎండాకాలంలోనే కొని పెట్టుకోవాలి.

కట్టె ఎండుదే అయితే పొయ్యి తలుపు దగ్గర అగరుబత్తి పట్టండి. మూసిన తలుపు సందులోంచి పొగ లోపలికి లాగితే తలుపు అంచున సందు మూసే తాడు అరిగింది, మార్చండి. గాలి ఎక్కువైతే మంట వేడి గొట్టంలోకే పోతుంది. మసి ఎప్పటికప్పుడు గీకాల్సిందే, చెప్పేదేముంది.

మన బోరు నీళ్ల ఉప్పు ఇంకో తలనొప్పి. కాగేటప్పుడు లోపల గుడగుడలాడుతుంటే ఉప్పు పొర కట్టినట్టే. చల్లారిన బాయిలర్‌లో నిమ్మఉప్పు కలిపిన నీళ్లు నానబెట్టి, వదిలేసి, రెండుసార్లు కడగండి. జీఐ (జింకు పూత వేసిన ఇనుప) ట్యాంకుకు మాత్రం వద్దు, పూత తినేస్తుంది.

వేడి ఆగుతుందని కొందరు ఆవిరి పోయే గొట్టంలో గుడ్డ కుక్కుతారు. అలా కనిపిస్తే మంట ఆర్పి, బాయిలర్ చల్లారాకే ఆ గుడ్డ లాగండి.