రోహిణి కార్తెకు ముందు గిటార్ నెక్ ముట్టుకుంటున్నారా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నల్లగొండలో మే నెలాఖరు ఎండ చూసినవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. రోలే తట్టుకోని ఎండకు గిటార్ నెక్, అంటే తీగలు సాగే పొడవాటి మెడ, దాని మేపుల్ కర్ర కదలకుండా ఉంటుందా? గదిలో కూలర్ తడిగాలి, గడప దాటితే వడగాలి. పెళ్లిళ్లలో వాయించే పిల్లలు, చర్చిలో బేస్ గిటార్ పట్టే తమ్ముళ్లు నాకు ఎక్కువగా ఫోన్ చేసేది ఈ రోజుల్లోనే. “అన్నా, మొన్నటిదాకా మంచిగనే ఉండె. ఇప్పుడు మూడో ఫ్రెట్ కాడ గరగరమంటున్నది. రాడ్ తిప్పాల్నా?” ఫ్రెట్ అంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత, రాడ్ అంటే నెక్ లోపలి కడ్డీ.

తిప్పవచ్చు. కానీ ముందు కొలవాలి.

నాలుగు తీగల బేస్‌ను సరిగ్గా ట్యూన్ చేస్తే తీగలన్నీ కలిసి నెక్‌ను లాగే బలం దాదాపు 75 కిలోలు, అంటే ఒకటిన్నర సిమెంటు బస్తా. పది నంబర్ సెట్ (సన్నతీగ 0.010 అంగుళం) వేసిన ఎలక్ట్రిక్ గిటార్‌కైనా 45 కిలోల దాకా ఉంటుంది. ఆ లాగుడుకు ఎదురు నిలిచేది నెక్ లోపలి ట్రస్ రాడ్. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థడియస్ మెక్‌హ్యూకు 1923లో దీని మీద పేటెంట్ వచ్చింది. వందేళ్లు దాటినా పని అదే: నట్టు బిగిస్తే నెక్ నిటారు అవుతుంది, వదులు చేస్తే తీగలు దాన్ని ముందుకు వంచుతాయి. నెక్ కర్రలా నిటారుగా ఉండకూడదు. ఊగే తీగకు చోటు కావాలి కాబట్టి కొద్దిపాటి వంపు ఉండాలి.

ఆ వంపును కంటితో అంచనా వేయకండి. బండి టాపెట్లు సెట్ చేయడానికి మెకానిక్‌లు వాడే ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకుల కట్ట) ఒకటి ఆటోమొబైల్ షాపులో కొనుక్కోండి. మీరు వాయించే ట్యూనింగ్‌లోనే తీగలు పెట్టండి. గిటార్‌ను బల్ల మీద పడుకోబెట్టకుండా, వాయించేటప్పటిలా ఒళ్లో పెట్టుకోండి. మొదటి ఫ్రెట్‌కు కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) బిగించి, నెక్ బాడీలో కలిసే చోట లావు తీగను నొక్కి పట్టి, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకు, ఫ్రెట్‌కు మధ్య సందు చూడండి. గిటార్‌కు 0.25 మిల్లీమీటర్లు, బేస్‌కు 0.30 నుంచి 0.35 దాకా ఉంటే మామూలే. అంతే ఉంటే రాడ్ జోలికి వెళ్లకండి. గరగర మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే ఉండి, సందు కూడా తక్కువగా ఉంటేనే అనుమానం రాడ్ మీదికి పోవాలి. తీగలు మొత్తం ఎత్తుగా ఉన్నాయనో, మరీ కిందికున్నాయనో రాడ్ తిప్పడం తప్పు. ఆ పని బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ దగ్గరి స్క్రూలది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది రాడ్ నట్టు తిప్పే ఆరు మూలల అలెన్ కీ దగ్గర. అమెరికన్ కొలతల గిటార్లకు అంగుళాల కీ, చాలా ఆసియా గిటార్లకు మిల్లీమీటర్ల కీ పడుతుంది. వన్ బై ఎయిట్ అంగుళం అంటే 3.175 మిల్లీమీటర్లు. అందులో 3 మిల్లీమీటర్ల కీ హాయిగా దిగుతుంది, అక్కడే మోసపోతాం. నా మొదటి బేస్‌కు అదే జరిగింది. కీ లోపల కొంచెం ఊగింది, పట్టించుకోలేదు. రాత్రిపూట తొందరలో గట్టిగా తిప్పేసరికి ఆరు మూలలూ అరిగి రంధ్రం గుండ్రంగా అయిపోయింది. ఆ తర్వాత నట్టు బిగియలేదు, ఊడి రాలేదు. హైదరాబాద్ తీసుకెళ్లి మార్పించేదాకా ఆ ఏడు ఈస్టర్ ఆరాధనకు అరువు బేస్ వాయించాను. అందుకే చెబుతున్నా, కీ అడుగు దాకా దిగాలి, చేతిలో కొంచెం కూడా ఊగకూడదు. ఊగితే ఆ కీ పక్కన పెట్టేయండి.

తిప్పేటప్పుడు ముందు వదులు చేసే వైపు, అంటే ఎడమకు, కొద్దిగా తిప్పి చూడండి. కదిలిందంటే నట్టు పట్టేసి లేదన్నమాట. తర్వాతే మీకు కావలసిన వైపు పావు చుట్టు, అంతకు మించి వద్దు. బిగించాలంటే కుడికి. మళ్లీ ట్యూన్ చేసి, రాత్రంతా వదిలి, పొద్దున కొలవండి. కర్ర సర్దుకోవడానికి టైమ్ పడుతుంది. రెండువైపులా పనిచేసే రాడ్‌లలో మధ్యలో నట్టు ఖాళీగా తిరిగే చోటు ఒకటి ఉంటుంది, దానికి టెన్షన్ పడకండి. కానీ గట్టిగా అడ్డం పడితే మాత్రం పానా వేసి బలం పెట్టకండి. రాడ్ తెగితే ఫ్రెట్లుండే పలక, అదే ఫింగర్‌బోర్డ్, ఊడదీయాల్సి రావచ్చు. నట్టు బాడీ వైపు ఉన్న పాతరకం నెక్‌లకైతే, తీగలు వదులు చేసి నెక్ విప్పాలి. స్క్రూడ్రైవర్‌ను ఏటవాలుగా దూర్చి తిప్పితే బాడీ మీది పిక్‌గార్డ్ పలక, నట్టు రెండూ పాడవుతాయి.

ప్రోగ్రాం ఉన్న రోజు ఈ పని పెట్టుకోకండి. గిటార్‌ను రేకుల షెడ్డులో, కారు డిక్కీలో వదలకండి. ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది. కూలర్‌కు ఎదురుగా గోడకు వేలాడదీయడం కూడా వద్దు, కేసులో పెట్టి మూసేయండి.

మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాక గాలిలో తేమ మారుతుంది, అప్పుడు ఇంకోసారి కొలవండి. నా బేస్ కేసులో చిన్న చీటీ ఒకటి ఉంటుంది: తేదీ, సందు ఎంత, ఏ వైపు ఎంత తిప్పాను. కిందటేడు రోహిణిలో రాసిన అంకె పక్కనే ఈ ఏటి అంకె రాస్తాను.